ఏనుగు పొట్టలో శనగలు

పాతకాలం తలుపులకు బరువుండేది, బుద్ధీ ఉండేది. తెరిస్తే తెరిచినచోట నిలబడేవి. ఇప్పటి తలుపులకు ఆ రెండూ లేవు. కిటికీలోంచి కాస్త గాలి వస్తే చాలు, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఇల్లదిరేలా కొట్టుకుంటాయి. అందుకే మార్కాపురంలో ఏ ఇంటికి పోయినా తలుపుకు అడ్డంగా పలకరాయి ముక్కో, పాత రుబ్బురోలు పొత్రమో కనిపించేది. ఆ రాళ్లను బయటికి పంపి వాటి జాగాలో ఏనుగుల్ని కూర్చోబెట్టింది కోటిరత్నం.

ఏనుగులంటే గుడ్డవి. పొట్టనిండా ఇసుక, వీపు మీద అద్దాల కుట్టు, గుండీల కళ్లు. తొండం పైకెత్తి తలుపుకు ఆనుకుని కూర్చుంటే ఎంత గాలి వచ్చినా తలుపు కదలదు. జాకెట్లు కుట్టి కుట్టి నడుము పట్టేసిన మనిషికి నలభై దాటాక కలిసొచ్చిన పని అది. ఫ్యాన్సీ దుకాణం ఉమామహేశ్వర్లు వాటిని అద్దాల బీరువాలో పెట్టి, 'డోర్ స్టాపర్లు' అని పేరు పెట్టి అమ్మసాగాడు. గృహప్రవేశాలకు గోడ గడియారాలు ఇచ్చి విసిగిపోయిన జనం ఏనుగుల వెంట పడ్డారు.

గిద్దలూరు యామిని అయితే ఏకంగా కోటిరత్నం ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పప్పుదినుసుల వ్యాపారం చేసే ఇంటి కోడలు. తలుపు సందులో పడి పాప వేలు నలిగిందట, చెబుతుంటేనే ఆమె కళ్లు చెమర్చాయి.

"పాప గది తలుపుకు అక్కా. బాగా బరువుగా కుట్టు. శ్రావణ శుక్రవారం మా ఇంటికి వీధి వీధంతా వస్తాది, అందరికీ చూపిస్తా."

వీధి వీధంతా అన్న మాట కోటిరత్నం చెవికి తియ్యగా తగిలింది. ముందు చెప్పిన మాటలు అంతగా ఎక్కలేదు. మెరూన్ రంగు గుడ్డ తీసి, ఉన్న పనితనమంతా పెట్టి ఆ ఏనుగును కుట్టింది. ఇక పొట్ట నింపడమే మిగిలిన రోజు గుండీల కోసం బజారుకు పోయింది. ఆ కాసేపట్లో వాన కురిసి పెరట్లో ఇసుక తడిసి ముద్దయింది. తిరిగొచ్చేసరికి గిద్దలూరు పంపే సరుకు కోసం ఉమామహేశ్వర్లు పంపిన ఆటో గుమ్మంలో ఉంది. ఏనుగు పొట్ట నింపి, కుట్టు కూడా వేసి, ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది అత్త కృష్ణవేణమ్మ. కోటిరత్నం ఏనుగును ఎత్తి చూసింది. ఇసుకంత బరువు లేదనిపించింది. ఆటో అబ్బాయి హారన్ కొడుతున్నాడు. గుండీలు కుట్టి ఇచ్చేసింది.

గురువారం సాయంత్రం పక్కింటి మార్తమ్మ చచ్చిన కోళ్లను కాళ్లు పట్టుకుని తెచ్చి వీళ్ల వాకిట్లో వేసింది.

"మీ పెరట్లో ఏరుకొని తిన్నాయి. నురగలు కక్కుకొని పోయినాయి. ఏం చల్లినారే మీరు?"

కోటిరత్నం పెరట్లోకి పరుగెత్తింది. బట్టలుతికే బండ పక్కన, మొన్న కృష్ణవేణమ్మ కూర్చున్నచోట, నాలుగు శనగ గింజలు పడి ఉన్నాయి. ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. గింజ మీద గులాబి రంగు పొడి అంటి ఉంది. ఆ రంగు ఏమిటో తెలియని రైతు ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. కొనకనమిట్ల పక్క తమ చేలో వేద్దామని పోయినేడు భర్త చెన్నకేశవులు మందు పట్టించిన విత్తనాలు అవి. నేలలో పురుగు తినకుండా పట్టించే మందు. వాన మొహం చాటేసింది, విత్తనం భూమిలో పడనే లేదు, మూట అటక మీదే ఉండిపోయింది.

"అత్తా, ఏనుగు పొట్టలో ఏం పోసినావు?"

కృష్ణవేణమ్మ కొంగు సర్దుకుంది. "ఇసక తడిసిపోయింటే ఏం పొయ్యమంటావు? అటక మీద మందు శనగలుండె. తినేందుకు పనికిరావు, అమ్మేందుకు పనికిరావు. భూమిలో పడాల్సిన గింజను పెంటలో పారేస్తామా? మంచిగా పనికొచ్చె కదా అని పోసినా."

"మందు అని తెలిసే పోసినావా!"

"ఏనుగు పొట్టలో ఉన్నదాన్ని ఎవురు తింటారే?" అంది ఆ ముసలామె. ఆమె అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. కోటిరత్నం మాత్రం అరచేతిలో గింజను మళ్లీ చూసుకుంది. పాప గది అంది కదా యామిని. పళ్లొచ్చే పిల్లలు దేన్ని వదులుతారు? ఏనుగు తొండాన్ని వదులుతారా? కుట్టు ఒకచోట తెగితే?

ఉన్నపళాన ఉమామహేశ్వర్లు దుకాణానికి పోయింది. విషయం వినగానే ఆయన గల్లాపెట్టె ముందునుంచి లేచి, దుకాణంలో ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"మందు అనే మాట ఎత్తినావంటే ఇంక అంతే చెల్లెమ్మా. రేపు వాళ్లింట్లో ఊరంతా ఉంటాది. నీ ఏనుగుల్నే కాదు, నా దుకాణాన్ని కూడా చూసేవాడుండడు. కుట్టు సరిగ్గా పడలేదు, మార్చిస్తానని చెప్పు. పొయ్యి తెచ్చుకో. సరిపాయె."

పాము చావకుండా కర్ర విరగకుండా చేసే సలహాలు ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. తీసుకోవాలా వద్దా అన్నది మన చేతిలో ఉంటుంది. కోటిరత్నం తీసుకుంది. అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"యామినమ్మా, నేను మార్కాపురం కోటిరత్నాన్ని. ఏనుగుకు పొట్టకాడ కుట్టు సరిగ్గా పడలేదమ్మా. రేపు పొద్దునే వచ్చి తీసుకపోతా. కొత్తది కుట్టిస్తా."

"కుట్టా? బాగానే ఉంది కదక్కా."

"లేదు లేదు, ఊడిపోతాది. అంతదాకా పాపను దానికాడికి పోనియ్యొద్దు. దారం నోట్లో పెట్టుకుంటాది."

"అయితే బీరువా పైన పెట్టేస్తాలే. నువ్వు రా అక్కా, వాయనం కూడా తీసుకుందువు."

ఫోన్ పెట్టేశాక కోటిరత్నం గట్టిగా ఊపిరి వదిలింది. బీరువా మీదికి పాప ఎక్కలేదు. ఒక్క రాత్రే కదా. పేరూ పోలేదు, ప్రాణమూ పోలేదు అనుకుంది. అనుకున్నదే గానీ ఆ రాత్రి అన్నం కంచాన్ని అట్లాగే పక్కకు నెట్టేసింది.

తెల్లవారి గిద్దలూరు బస్సెక్కింది. బేస్తవారిపేట దాటి కాస్త దూరం పోయారో లేదో యామినే ఫోన్ చేసింది. వెనక ఆడవాళ్ల నవ్వులు, గిన్నెల చప్పుడు వినిపిస్తున్నాయి.

"అక్కా, కుట్టు కోసమైతే నువ్వు శ్రమపడొద్దు. రాత్రి మా అత్తయ్యే విప్పి మళ్లా కుట్టేసింది. చిన్న కుట్టుకు అంత దూరం నుంచి ఆమెనెందుకు తిప్పేదని."

కోటిరత్నం ముందు సీటు కమ్మీని పట్టుకుంది. "విప్పినారా?"

"విప్పితే లోపల శనగలు! మా అత్తయ్య సంగతి నీకు తెలీదు, గింజ చూస్తే వదలదు. మా కొట్లో శనగలకు ఈ వానలకు పురుగు పట్టిందక్కా. పుచ్చుగింజతో వాయనం ఇస్తామా? నీ శనగల్లో ఒక్క పుచ్చు లేదంట, ఇంత మంచి గింజను తలుపు కింద పెడతారా అని ఒకటే తిట్టు. ఏనుగులో ఇసక పోసి, ఆ శనగలు నానబోసింది. ఈరోజు వాయనాలన్నీ నీ శనగలే!"

ఒక్క పుచ్చు లేదట. ఎట్లా ఉంటుంది? పురుగు చచ్చే మందు పట్టించిన గింజకు పుచ్చు ఎక్కడినుంచి వస్తుంది?

"యామినమ్మా, ఆ శనగలు ఎవురూ..."

"అయ్యగారొచ్చినాడక్కా, పీటల మీద కూర్చోవాల. ఉంటా." ఫోన్ ఆగిపోయింది.

కోటిరత్నం మళ్లీ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. వ్రతం పీటల మీద కూర్చున్న మనిషి ఫోన్ ఎత్తదని ఆమెకూ తెలుసు, అయినా వేళ్లు ఆగలేదు. ఆఖరికి ఉమామహేశ్వర్లుకు చేసింది. యామిని మొగుడు సందీప్ నంబర్ ఆయన దగ్గర ఉంది.

"అన్నా, ఆ శనగలు వాయనానికి నానబోసినారంట. సందీప్‌కు ఫోన్ చేసి మందు శనగలని చెప్పు. ఇప్పుడే చెప్పు."

"వ్రతం పూట విషమని ఎట్ల చెప్పమంటావు చెల్లెమ్మా?"

"నువ్వు చెప్పకపోతే మనుషులు పోతారన్నా!" అని అరిచింది. బస్సులో తలలన్నీ తిరిగాయి. "సరే సరే, నేను మాట్లాడతాలే," అని ఆయన పెట్టేశాడు.

ఆ మాటతో కొంత ధైర్యం రావాలి. రాలేదు. కంభంలో డ్రైవర్ టీకి దిగాడు. కోటిరత్నం దిగి ఆయన ముందు చేతులు జోడించింది. "నాయనా, పసిబిడ్డ ప్రాణం మీదికొచ్చింది, పదండి," అంది. ఆయన ఆమె మొహం చూసి, గ్లాసు సగంలో వదిలేసి వచ్చి బండి తీశాడు. అంత తొందరలోనూ ఆమెకు ఒక సంగతి తట్టి సిగ్గేసింది. ముక్కూ మొహం తెలియని డ్రైవర్‌తో ఒక్క ముక్కలో చెప్పగలిగిన నిజాన్ని, ఎవరికి చెప్పాలో వాళ్లకు నిన్న చెప్పలేకపోయింది.

గిద్దలూరులో ఆటో దిగి ఇంట్లోకి పరుగెత్తేసరికి గుమ్మంలోనే సందీప్ ఎదురొచ్చాడు, పంచె కట్టుకుని, నవ్వు మొహంతో.

"ఏందక్కా ఆ పరుగు? ఉమామహేశ్వర్లు మామ ఫోన్ చేసినాడులే. కోటిరత్నం వచ్చేదాకా ఏనుగును ఎవురూ తాకొద్దన్నాడు. అదో చూడు, బీరువా మీద భద్రంగా ఉంది."

నిజమే. లోపలి గదిలో, బీరువా మీద, ఇసుక నింపుకున్న ఏనుగు తొండమెత్తి కూర్చుని ఉంది. దానంత నిరపాయమైన వస్తువు ఆ ఇంట్లో మరొకటి లేదు.

"శనగలేవి నాయనా? శనగలు!"

అతనికి అర్థం కాలేదు. కోటిరత్నం అతన్ని తోసుకుంటూ హాల్లోకి పోయింది. కథ అయిపోయింది, హారతీ అయిపోయింది. చాపల మీద వరసగా ముత్తయిదువలు, పసుపు రాసుకున్న పాదాలు, పట్టుచీరల గలగల. అమ్మవారి ముందు తాంబూలాల పళ్లాలు. ప్రతి పళ్లెంలో ఆకులు, వక్క, అరటిపండు, రవికగుడ్డ, పక్కనే దోసెడు నానిన శనగలు.

యామిని అత్త శ్యామలమ్మ అప్పుడే మొదటి పళ్లెం మీద కొంగు కప్పి లేచింది. బంగారు అంచు చీరలో నిండుగా ఉన్న మనిషి, పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టనట్టు పెదవులు ఎండి ఉన్నాయి. కోటిరత్నాన్ని చూసి ఆమె మొహం విప్పారింది.

"వచ్చినావా తల్లీ! నూరేళ్లు నీకు. మొదటి వాయనం నీకే. శనగలిచ్చిన చెయ్యి కదా!"

తప్పించుకునే వీలు లేకుండా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇస్తినమ్మ వాయనం."

కోటిరత్నం కొంగు పట్టాలి. 'పుచ్చుకుంటినమ్మ వాయనం' అనాలి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ మాటకు ఆ బదులు తప్ప మరొకటి ఆమె వినలేదు. ముత్తయిదువ ఇచ్చే వాయనాన్ని కాదన్న ఆడది భూప్రపంచంలో ఉండదు.

"ఇస్తినమ్మ వాయనం," అంది మళ్లీ శ్యామలమ్మ, కొంచెం ఆశ్చర్యంగా.

"నేను పుచ్చుకోను పెద్దమ్మా."

చాపల మీద గలగల ఆగిపోయింది. శ్యామలమ్మ మొహంలో రక్తం ఇంకిపోయింది. "ఏమంటాండావు?"

"అవి మందు శనగలు. విత్తనాలకు పట్టించే పురుగుమందు. మా పెరట్లో తిన్న కోళ్లు చచ్చిపోయినాయి. ఎవురూ ముట్టొద్దు, మీ కాళ్లకు మొక్కుతా, ఎవురూ నోట్లో పెట్టొద్దు!"

పళ్లెం జారింది. శనగలు టైల్సు మీద నలుమూలలకూ దొర్లాయి. ఆడవాళ్లు పాముల్ని చూసినట్టు పాదాలు వెనక్కి లాక్కున్నారు. ఎవరో చేతులు చీరకు తుడుచుకుంటున్నారు, ఎవరో పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తున్నారు.

"తిన్నారా? ఎవరైనా తిన్నారా?" కోటిరత్నం ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ తిరిగింది.

"వాయనం ఇయ్యకముందే ఎట్ల తింటామే?" అంది శ్యామలమ్మ. "అమ్మవారి సొమ్ము, ఉప్పు కూడా చూడం. నీళ్లు ఎర్రగా దిగితే ఏనుగు గుడ్డ రంగనుకున్నా. తెల్లగా దిగిందాకా కడిగినా... నా చేతులతో కడిగినా..."

కట్టుబాటు కాపాడిందని కోటిరత్నం గుండె కొంచెం నెమ్మదించబోయింది. అంతలో పీట మీదినుంచి యామిని లేచి నిలబడింది. ఆమె ఎవర్నీ చూడటం లేదు.

"పాప?"

పసిబిడ్డకు ఏ కట్టుబాటు తెలుసు? వంటింట్లో, మిగిలిన శనగల గిన్నె పక్కన, కాళ్లు బార్లా చాపుకుని కూర్చుని ఉంది పాప. పట్టులంగా మోకాళ్లదాకా తడిసింది. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. తల్లిని చూసి నవ్వితే పెదవుల మధ్యనుంచి నమిలిన శనగ తొక్క బయటికొచ్చింది.

యామిని నోట్లో వేలు పెట్టి తీస్తూంటే పాప కెవ్వున ఏడ్చింది. ఆ తర్వాత అంతా ఒకరినొకరు తోసుకోవడమే. సందీప్ బండి తీశాడు, యామిని వెనక కూర్చుంది, పాప ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. కోటిరత్నాన్ని ఎవరూ రమ్మనలేదు. చెప్పుల్లేకుండానే వెనకాల ఆటోలో పోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఏం మందు?" అని. ఎవరికీ తెలియదు. అందరూ కోటిరత్నం వైపు చూశారు. ఆమె చెన్నకేశవులుకు ఫోన్ చేసింది. ఆయన వీధి చివర టీ బంకు దగ్గర ఉన్నాడు. ఇంటికి పోయి అటక ఎక్కి, మిగిలిన మందు పొట్లం చూసి పేరు చదివేదాకా ఆమె ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని నిలబడింది. ఆ కాస్సేపూ ఆయన రొప్పడం, నిచ్చెన కిర్రుమనడం వినిపిస్తూనే ఉన్నాయి. ఆయన కూడబలుక్కుని ఒక్కొక్క అక్షరం చదివితే ఆమె ఆ అక్షరాల్నే డాక్టరమ్మకు అప్పజెప్పింది.

లోపలికి పోయిన పాపను చాలాసేపటిదాకా బయటికి తేలేదు. వాంతులు చేయించిన చప్పుడు, ఏడుపు వినిపించాయి. ఏడుపు వినిపించినంతసేపూ నయమే. ఒక దశలో అది కూడా ఆగిపోయింది. యామిని గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చుంది. కోటిరత్నం ఎవరికి మొక్కుకోవాలో తోచక, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది. నన్ను తీసుకుపో, ఆ బిడ్డను వదిలెయ్యి అని పళ్ల మధ్య గొణుక్కుంది. అది ఉత్తమాట కాదు, ఆ క్షణంలో నిజంగానే అడిగింది.

పొద్దు వాలేవేళకు డాక్టరమ్మ బయటికొచ్చింది. బాగా కడిగిన గింజలు కావడం, లోపలికి పోయింది కొంచెమే కావడం, వెంటనే తేవడం, ఈ మూడూ కలిసొచ్చాయంది. పాప నిద్రపోతోంది. రేపు ఇంటికి తీసుకుపోవచ్చు.

సందీప్ గోడవైపు తిరిగి ఏడ్చాడు. శ్యామలమ్మ, పొద్దుటి ఉపవాసం ఇంకా విడవని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని బెంచీ మీద కూలబడింది. కోటిరత్నం వాళ్లకు దూరంగా నిలబడిపోయింది. దగ్గరికి పోయే మొహం లేదు, వదిలిపెట్టి పోయే కాళ్లూ లేవు.

చీకటి పడకముందే యామిని తనే బయటికొచ్చింది. వ్రతానికి పెట్టుకున్న పూలు జడలో వాడిపోయి ఉన్నాయి. తిడుతుందనుకుంది కోటిరత్నం. కొట్టినా పడదామనుకుంది. యామిని కేక కూడా వెయ్యలేదు.

"నిన్న ఫోన్ చేసినావు కదక్కా. అప్పుడు తెలుసు నీకు."

"తెలుసమ్మా."

"కుట్టు ఊడిందని ఎందుకు చెప్పినావు? ఆ మాటకే కదా మా అత్తయ్య పొట్ట విప్పింది. మందు అని ఒక్క మాట చెప్పుంటే, ఆ బొమ్మను ఇంట్లోనే ఉంచేవాళ్లం కాదు."

కోటిరత్నం దగ్గర ఇక అబద్ధాలు మిగల్లేదు. ఉమామహేశ్వర్లు చెప్పమన్నాడని అనొచ్చు. ఫోన్ చేసింది ఆయన కాదు కదా.

"పేరు పోతాదని భయపడినానమ్మా," అంది.

యామిని జడలో వాడిన పూలు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

"మా పాప పేరేందో తెలుసా అక్కా నీకు?"

కోటిరత్నం నోరు తెరిచింది. మెరూన్ గుడ్డ తెలుసు, అద్దాలు ఎక్కడెక్కడ కుట్టిందో తెలుసు, ఏ గదిలో ఏ తలుపు కింద పెట్టబోతున్నారో కూడా తెలుసు. ఆ గదిలో ఉండే బిడ్డ పేరు మాత్రం ఆమె అడగలేదు. పాప అనే అనుకుంది, పొద్దుటినుంచీ పాప అనే ఏడ్చింది.

"తెలీదమ్మా."

"హారిక," అంది యామిని. ఇంకేమీ అనలేదు. తలుపు తోసుకుని లోపలికి పోయి, బిడ్డ నిద్ర చెదరకుండా ఆ తలుపును నెమ్మదిగా దగ్గరికి వేసుకుంది.

హారిక అని తనూ ఒకసారి పైకి అందామనుకుంది కోటిరత్నం. మూసిన తలుపును చూసి, అనకుండానే ఆగిపోయింది.